నా పేరు మీద మిగిలిపోయిన కారు

కారు అమ్మేసిన రోజు నేను కిందికి దిగలేదు. బ్రోకరు దాన్ని ఆటో వెనక తాడుతో కట్టి లాక్కుపోతుంటే రెండో అంతస్తు బాల్కనీలో నిలబడి, ఆరేసిన బట్టల సందులోంచి చూశాను. లోపలికొచ్చాక పొయ్యి మీద పప్పు మాడి వాసన వచ్చేదాకా గదిలోంచి కదల్లేదు. మా ఆయన స్టవ్ కట్టేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

అది మా దగ్గర పదిహేనేళ్ళకు పైగా ఉంది. వెన్నరంగు, గుండ్రటి దీపాలు, స్టీరింగు పక్కనే గేరు. ఒకప్పుడు బొంబాయి టాక్సీలన్నీ ఆ రకం కార్లే. అది మా ఇంటికొచ్చిన రోజుల్లో మేం పోర్టు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన పోర్టులో గుమస్తా, నేను వన్‌టౌన్‌లో ఒక బడిలో లెక్కల టీచర్ని. నా క్లాసులో చదివే ఒక పిల్ల వాళ్ళ నాన్న పూర్ణా మార్కెట్ దగ్గర సందులో కార్లకీ ఆటోలకీ సీట్లు కుట్టేవాడు. అందరూ ఆయన్ని భాయ్ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. కూతురి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టడానికి వచ్చిన రోజున ఆయన చెప్పిన మాటతో మొదలైంది ఇదంతా.

"టీచరమ్మా, మా వీధిలో ఒక బండి పడుంది. కోళ్ళు గుడ్లు పెడతన్నాయి అందులో. కానీ ఇంజిను మాత్రం బంగారం. మీకు బళ్ళంటే పిచ్చంట కదా, మా పాప సెప్పింది."

పిచ్చి అన్న మాట నిజమే. మాది తగరపువలస దగ్గర ఒక వ్యవసాయ కుటుంబం. పన్నెండేళ్ళకే మా నాన్న ట్రాక్టరు మీద కూర్చుని పొలం దున్నినదాన్ని. మా ఆయనకి మాత్రం సైకిలు తప్ప ఏదీ రాదు. ఆ కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన కోళ్ళని చూశాడు, నేను ఇంజిను చూశాను. స్కూటరు కొందామని దాచుకున్న డబ్బుతో కారు వచ్చింది.

ఆ తర్వాత ఏ మెకానిక్ దగ్గరికెళ్ళినా ఒకటే తంతు. "సార్, క్లచ్ ఎప్పుడు మార్చారు?" అని మా ఆయన్ని అడిగేవారు. ఆయన నా వంక చూసేవాడు. నేను జవాబు చెబితే, తల ఊపి, తర్వాతి ప్రశ్న మళ్ళీ ఆయన్నే అడిగేవారు. కొన్నాళ్ళకి మా ఆయన చిరాకుపడి, "నాకేటి తెలుసు బావా, నాను పాసింజర్ని" అనడం మొదలుపెట్టాడు.

మాలాంటివాళ్ళం ఐదారుగురం ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపుకుని కలిసేవాళ్ళం. భాయ్‌కి ఒక పాత పెద్ద కారు ఉండేది. దానికి నాలుగు తలుపులున్నా మూడే తెరుచుకునేవి. స్టీలు ప్లాంటులో క్రేను నడిపే ఒకాయన తాతల నాటి జీపు తెచ్చేవాడు. మాలో ఎవరికీ డబ్బుల్లేవు. కొత్త సామాను కొని వేశామని చెప్పుకోవడం మాలో నామోషీ. విరిగిన గొడుగు కమ్మితో వైపరు కదిలించానని ఒకరు చెబితే, మిగతావాళ్ళం వంగి వంగి చూసేవాళ్ళం. సముద్రపు గాలికి మా కారు అడుగు రేకుని తుప్పు తినేసి, కాళ్ళ దగ్గర రోడ్డు కనబడేది. ఇంత ఉక్కు తయారయ్యే ఊళ్ళో ఉండి ఒక రేకు ముక్క కొనడమెందుకని, నేను హాస్టల్లో వాడిన ట్రంకు పెట్టె మూత కోసి అతికించాను. మూత లోపలివైపు పరీక్షల ముందు నేను రాసుకున్న సూత్రాలు రెండు ఇంకా చెరగలేదు. ఆ ఆదివారం అందరూ వరసగా తలుపు తీసి వాటిని చదివి వెళ్ళారు. నాకు బడిలో ఉత్తమ ఉపాధ్యాయురాలు అన్నప్పుడు కూడా అంత గర్వం కలగలేదు.

అన్నీ గెలుపులే కాదు. రేడియేటరు కారుతుంటే పసుపు పొయ్యమని క్రేను ఆయన సలహా ఇచ్చాడు. పసుపు నీళ్ళలో కలిసి వెళ్ళి సన్నటి చిల్లుల్ని పూడ్చేస్తుంది. సింహాచలం కొండకి బయలుదేరబోతూ మా ఆయన్ని వంటింట్లోంచి పసుపు డబ్బా తెమ్మన్నాను. ఆయన తెచ్చాడు, నేను చూసుకోకుండా పోశాను. సగం ఘాటీ ఎక్కేసరికి బోనెట్ లోంచి కమ్మటి వాసన. వెనక సీట్లో ఉన్న మా అత్తగారు, "ఎవులింట్లోనో సాంబారు మరుగుతోందే" అంది. అది సాంబారు పొడి. నెల రోజులు ఆ కారు వేడెక్కినప్పుడల్లా చుట్టుపక్కలవాళ్ళకి ఆకలేసేది. అయితే చిల్లు మాత్రం పూడింది.

కారుకి ఒక జబ్బు ఉండేది, ఎండాకాలం వేడెక్కి ఆగితే మళ్ళీ స్టార్టయ్యేది కాదు. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి ఇరవై నిమిషాలు ఆగాలి. ఆ కాలం కార్లన్నిటికీ అంతే అని అందరూ అనేవారు, నేనూ నమ్మాను. మా ఆయన ఎప్పుడూ ఒక సీసాలో నీళ్ళూ ఒక పాత తువ్వాలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

ఒక మే నెల మిట్టమధ్యాహ్నం, చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళి తిరిగొస్తూ హనుమంతవాక దగ్గర కొబ్బరి బొండాలకి ఆగాం. బొండం చేతిలోకి తీసుకున్న మా ఆయన అది తాగకుండానే నాకిచ్చేసి, "గుండెల్లో ఏటోలాగుందే" అన్నాడు. చొక్కా అంతా చెమట. ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాను. ఇంజిను తిరుగుతోంది, అందుకోవడం లేదు. తువ్వాలు తడిపి పంపు మీద వేశాను. మళ్ళీ తిప్పాను. ఎన్నిసార్లు తిప్పానో నాకు గుర్తులేదు. కారుని నోటికొచ్చినట్టు తిట్టాను. బొండాలాయనే ఒక ఆటో ఆపి, మా ఆయన్ని ఇద్దరు మనుషులతో ఎత్తించి ఎక్కించాడు. ఆస్పత్రిలో టైముకే తెచ్చారన్నారు. ఆయన బతికాడు. మూడు రోజుల తర్వాత వెళ్ళి తాళం తిప్పితే కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. దాన్ని అప్పుడు అసహ్యించుకున్నట్టు జీవితంలో దేన్నీ అసహ్యించుకోలేదు.

ఆయన రిటైరయ్యాక ఎండాడలో ఒక ఫ్లాటుకి మారాం. కింద స్కూటరు పెట్టుకునేంత చోటే ఉందని సాకు దొరికింది. నడపడం మానేసి బ్యాటరీ దిగిపోయిన ఆ కారుని వచ్చిన మొదటి బ్రోకరుకే ఇచ్చేశాను. కాగితాలు నేను మార్పించుకుంటాలెండి మేడమ్ అన్నాడు, సరేనన్నాను.

కోపం రెండు నెలలు కూడా నిలవలేదు. బస్సులో కూర్చుంటే, ముందు ఏదైనా అడ్డొచ్చినప్పుడు నా కాలు దానంతటదే కిందికి నొక్కుకునేది. "ఎందుకే అలా తొక్కుతావు, డ్రైవరున్నాడు కదా" అని మా ఆయన నవ్వేవాడు. ఆదివారం పొద్దున్న మెలకువ వచ్చేది, వెళ్ళడానికేమీ ఉండేది కాదు. రోడ్డు మీద ఎక్కడో ఆ ఇంజిను చప్పుడు విన్నాననిపించి వెనక్కి తిరిగేదాన్ని. ఒకసారి కూరల సంచితో సహా వీధి మలుపుదాకా పరుగెత్తాను. తీరా చూస్తే అది మంచినీళ్ళ ట్యాంకరు.

రెండేళ్ళయ్యాక చివరికి భాయ్ దగ్గరికెళ్ళి చెప్పాను. ఆయన నోట్లో సూది పెట్టుకుని సీటు కుడుతూ విన్నాడు.

"ఏటి టీచరమ్మా, అమ్మీసినప్పుడు నాతో ఒక్క మాట సెప్పలేదు. ఇప్పుడొచ్చి ఎతకమంటన్నారు."

"తప్పయిపోయింది భాయ్."

"అరె, తప్పంటే ఎలాగ. ఎతుకుదాం. రంగు మారిపోవచ్చు, నంబరు ప్లేటు మారిపోవచ్చు. మీ బండి సీట్లకి నానేసిన కుట్టు మారదు. సీటు అంచున రెండు వరసలు, మజ్జలో ముడి. ఈ ఊళ్ళో నాను తప్ప ఎవుడూ అలా కుట్టడు."

బ్రోకరు నంబరు పనిచెయ్యలేదు. తగరపువలస సంతలో అలాంటి కారులో ఎవరో కొబ్బరికాయలు తెస్తున్నారని విని వెళ్ళాం. కాయల వ్యాపారి దాన్ని ఏడాది కిందటే ఎవరికో ఇచ్చేశాడు, ఎవరికో గుర్తులేదన్నాడు. కొన్నాళ్ళకి గాజువాక వైపు పాత బళ్ళు కోసే చోట వెన్నరంగు కారు ఒకటి ఉందని క్రేను ఆయన ఫోన్ చేశాడు. నేనూ భాయ్ వెళ్ళాం. గేటులోంచి కనబడింది. సగానికి కోసేశారు, ముందు సగం బోర్లా పడి ఉంది. అవే గుండ్రటి దీపాలు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను.

"మీరిక్కడే ఉండండి" అని భాయ్ ఒక్కడే లోపలికెళ్ళాడు. రేకుల మధ్య వంగి చాలాసేపు ఏదో తడిమాడు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆయన చేతులు దులుపుకుంటూ వచ్చేటప్పుడు ముఖం చూడ్డానికి కూడా భయమేసింది.

"మనది కాదు టీచరమ్మా. ఒకటే వరస కుట్టు. అదీ వంకర."

అక్కడే గట్టు మీద కూర్చుని ఇద్దరం టీ తాగాం. ఎవరిదో కారు అలా పడి ఉంటే నాకు అంత సంతోషం కలిగినందుకు తర్వాత సిగ్గేసింది.

ఆ తర్వాత ఏడాదిన్నర ఏ కబురూ లేదు. నేను కూడా రిటైరయ్యాను. కిందటేడాది వానలు తగ్గాక, భాయ్ కూతురు, అదే ఒకప్పటి నా స్టూడెంటు, ఇది మీ కారేమో చూడండి అంటూ ఒక ఫొటో పంపింది. భీమునిపట్నం సముద్రం ఒడ్డు, ముందు ఎండబెట్టిన చేపలు, వెనక ఒక కారు. నీలం రంగు, పక్కన ఎర్ర చార, పైన వల మడత. అచ్చం పడవలా ఉంది. నేను గుర్తుపట్టలేకపోయాను. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఫొటో పెద్దది చేసి, "వెనకాల ఆ సొట్ట సూడు. మన క్వార్టర్సు గేటుకి గుద్దింది నువ్వే కదా" అన్నాడు.

మర్నాడే నేనూ, మా ఆయనా, భాయ్ ముగ్గురం బస్సులో వెళ్ళాం. ఇల్లు వెతకడం కష్టం కాలేదు, నీలం కారు అనగానే పిల్లలు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. డెబ్బై ఏళ్ళ మనిషి, చొక్కా లేకుండా, లుంగీ కట్టుకుని కారు కింద పడుకుని ఉన్నాడు. పడవ ఇంజిన్లు బాగుచేసి బాగుచేసి రిటైరైన మెకానిక్. భాయ్ నేరుగా వెళ్ళి తలుపు తీసి, సీటు అంచు వేలితో తడిమి, నావైపు తిరిగి తల ఊపాడు.

నేను ఎవరో చెప్పాను. ఆయన కారు కిందనుంచి లేచి, నన్ను తేరిపార చూసి, ఇంట్లోకి కేకేశాడు. "ఒలే, ఆ టీచరమ్మ దొరికీసింది!"

దొరికింది నేనా అని నాకు అర్థం కాలేదు. లోపల్నుంచి ఆయన భార్య గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. రెండు మోకాళ్ళూ వాచిపోయి ఉన్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కారు కాగితాలు. అన్నిటి మీదా నా పేరే. బ్రోకరు మార్చలేదు, కొబ్బరికాయలాయనా మార్చలేదు.

"బండి పాతదైపోయింది, రెన్యువల్ సేయించాలంటే ఓనరు రావాలన్నారు తల్లీ" అన్నాడు ఆయన. "మీ పాత అడ్రసుకి రెండు ఉత్తరాలు రాయించినాను. తిరిగొచ్చీసినాయి. క్వార్టర్సు కాడికెల్లి అడిగినాను. టీచరమ్మ అన్నారు గానీ ఎక్కడికెల్లినారో ఎవులికీ తెలీదన్నారు."

నేను కారు కోసం వెతికినన్నాళ్ళూ ఆయన నాకోసం వెతుకుతున్నాడు.

బోనెట్ ఎత్తి, కారు చుట్టూ తిప్పి అన్నీ చూపించాడు. నేను చూపించుకునేదాన్ని కదా ఒకప్పుడు, ఆ ఉత్సాహం నాకు తెలుసు. పడవ ఇంజినుది తెచ్చి బిగించిన పెట్రోలు మూత, వల తాడుతో కట్టిన బ్యాటరీ. నేను అతికించిన ట్రంకు మూత మాత్రం అలాగే ఉంచాడు. "ఇది ఎవుడు ఏసినాడో గానీ మంచి పనోడు" అన్నాడు. మా ఆయన నా వీపు తట్టాడు.

"ఎండలో ఆగిపోతుందా?" అని అడిగాను.

"మొదట్లో ఆగీసీది. పెట్రోలు పైపు సైలెన్సరు గొట్టానికి ఆనుకునుండీది. ఎవుడో ఎప్పుడో పైపు మార్సినప్పుడు అడ్డంగా ఏసీసినాడు. పెట్రోలు అందులోనే ఆవిరైపోతంటే ఇంకేటి స్టార్టవుద్ది? ఇలా పక్కకి తిప్పీసినాను. మూడేళ్ళైంది, ఒక్కసారీ ఆగలేదు."

జానెడు పైపు. నేను ఎన్నో ఏళ్ళు దాని పక్కనే తడిగుడ్డ వేశాను, ఒక్కసారి కూడా పైపు ఎటు వెళ్తోందో చూడలేదు. ఆ మధ్యాహ్నం హనుమంతవాకలో కారు చేసిన తప్పేమీ లేదు. అమ్మకపోయి ఉంటే బాగుండునని అంతకుముందు చాలాసార్లు అనుకున్నాను కానీ, అప్పుడు కలిగిన బాధ వేరు.

ఎంతకైనా సరే తిరిగిచ్చేయమని అడిగేశాను. ఆయన లుంగీకి చేతులు తుడుచుకున్నాడు. ఆయన భార్యే మాట్లాడింది.

"కాగితాల్లో నీదేనమ్మా, పట్టుకుపోతానంటే మేం ఏటనగలం. ఆటో మెట్టు నాను ఎక్కలేను. ఈ బండిలో అయితే కూకుని కాళ్ళు లోపలికి లాక్కోగలను. బుధవారం, శనివారం తగరపువలసలో ఎండుసేపలు అమ్ముకుంటన్నాను, దీని మీదే."

మాకు అన్నం పెట్టింది. వేయించిన చేపలతో తిన్నాం. పేరు మార్చే ఫారాలు తీసుకెళ్ళి ఆలోచించి సంతకం పెడతానని చెప్పి వచ్చేశాం. కారుని ఒకసారి నడపమని ఆయన తాళం ఇచ్చినా నేను తీసుకోలేదు. నడిపితే వదలలేనని నాకు తెలుసు.

ఫారాలు బీరువాలో చీరల కింద పెట్టాను. ఒక వారం గడిచింది, రెండు గడిచాయి. కాగితాల ప్రకారం అది నాదే అన్న మాట రోజంతా బుర్రలో తిరిగేది. స్కూటర్ల మధ్యన ఇరికిస్తే కింద చోటు సరిపోతుందేమోనని ఒక పొద్దున్న టేపు పట్టుకుని కొలిచాను కూడా. సరిపోతుంది. వాచ్‌మన్‌ని అడిగితే ఫర్వాలేదన్నాడు.

నేను కొలుస్తుండగా మా ఆయన పాల ప్యాకెట్లు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఆ రోజు సీట్లో కూకుని ఏటనుకున్నానో తెలుసా నీకు?" అన్నాడు. ఆ రోజు గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. "నొప్పి కన్నా, నువ్వు బండిని తిడతంటే ఎక్కువ బాధేసింది. నీ గొంతు అలాగ ఎప్పుడూ ఇనలేదు నాను. నువ్వు తెచ్చుకుంటానంటే నాకు సంతోషమే. సంతకం పెట్టినా సంతోషమే. కానీ ఆ పెద్దామె ఈ బండి లేకపోతే బుధవారాలు ఎలాగెల్తదో ఒక్కసారి కనుక్కో."

ఫోన్ చేశాను. ఆమే ఎత్తింది. దారిలో పోలీసులు కాగితాలు అడుగుతున్నారని పది రోజులుగా కారు తియ్యడం లేదట. పక్కింటి ఆడవాళ్ళిద్దరు పట్టుకుని ఆటోలోకి ఎక్కిస్తున్నారట. కిందటి శనివారం మాత్రం ఎవరూ లేక వెళ్ళలేదట. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, అడిగాను కాబట్టి చెప్పింది. చివర్లో, "నీకు సేపలు పంపమంటావా తల్లీ?" అని అడిగింది.

ఆ సాయంత్రమే ఫారాలు తీసి సంతకాలు పెట్టాను. నా సంతకం వేలసార్లు పెట్టి ఉంటాను, మార్కుల షీట్ల మీద. ఆ రోజు మాత్రం రెండో ఫారం మీద అక్షరాలు పక్కకి వెళ్ళిపోయాయి.

కారుని ఆర్టీఓ ఆఫీసుకి తీసుకెళ్ళాల్సిన రోజున పెద్దాయన తాళం నా చేతిలో పెట్టాడు. "ఇయ్యాల్టిదాకా మీదే కదా" అన్నాడు. భీమునిపట్నం నుంచి నేనే నడిపాను. క్లచ్ నాకు గుర్తున్నదానికన్నా తేలిక. మూడో గేరు పడేటప్పుడు వచ్చే చిన్న గరగర అలాగే ఉంది. పక్క సీట్లో ఆయన భార్య, వెనక మా ఆయనా పెద్దాయనా కూర్చున్నారు. పరీక్ష చేసిన ఇన్‌స్పెక్టరు నీలం రంగు చూసి నవ్వాడు, ట్రంకు మూత మీది సూత్రాలు చూసి ఇంకా నవ్వాడు, బ్రేకులు చూసి మాత్రం బాగున్నాయన్నాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. నా పేరు కొట్టేసి పెద్దాయన పేరు రాశారు.

మమ్మల్ని ఇంటి దగ్గర దింపుతామని పెద్దాయనా భార్యా పట్టుబట్టారు. ముందు సీట్లో ఆమె కాళ్ళు లోపలికి లాక్కుని సర్దుకుంది. నేనూ మా ఆయనా వెనక ఎక్కాం. ఆ కారులో వెనక సీట్లో కూర్చోవడం నాకదే మొదటిసారి. "బీచ్ రోడ్డు మీద ఎల్దాం, గాలొస్తాది" అందామె.

ఆ రోడ్డు మీద ఆ కారుని కొన్ని వందలసార్లు నడిపి ఉంటాను. నడిపేవాళ్ళు రోడ్డునే చూడాలి కదా. ఆ రోజు పక్క అద్దంలోంచి సముద్రం కనబడింది, రుషికొండ కనబడేదాకా ఎక్కడా ఆగకుండా. దూరంగా పోర్టులోకి వెళ్ళడానికి వరసలో నిలబడిన ఓడలు. మా ఆయన అద్దానికి ఆనుకుని అటే చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఈయన చూసింది ఇదన్నమాట.

మా వీధి మలుపు దగ్గర పెద్దాయన కాస్త తొందరపడి గేరు మార్చాడు. కారు ఒక్కసారి కుదిపింది. నా కాలు కిందికి నొక్కుకోలేదు.